జీతం హైదరాబాద్‌ది సరే.. కాపురం ఎక్కడ?

మేడారం జాతరకు మీలో చాలామంది వెళ్లే ఉంటారు. జంపన్నవాగు దగ్గర నిలబడి ఇంటికి ఫోన్ చేయబోతే ఏమవుతుందో గుర్తుందా? ఫోన్ మీద సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి. కాల్ మాత్రం కలవదు. పంపిన ఫొటో పోదు. తప్పు ఫోన్‌ది కాదు. టవర్ మాట మీ ఫోన్‌కు ఎంత బలంగా వినిపిస్తోందో మాత్రమే ఆ గీతలు చెబుతాయి. అదే టవర్‌ను మీతో పాటు ఎన్ని వేలమంది పంచుకుంటున్నారో చెప్పవు.

మాది ఆ చుట్టుపక్కల ఊరే. ఒకప్పటి వరంగల్ జిల్లా, ఇప్పటి ములుగు జిల్లా తాడ్వాయి మండలం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి నాలుగు రోజుల పాటు మా అడవి నడుమ ఒక మహానగరం పుడుతుంది. కోటి మందికి పైగా వస్తారని అధికారుల లెక్క. వాళ్ల కోసం తాత్కాలిక బస్టాండు, తాత్కాలిక ఆస్పత్రి, తాత్కాలిక సెల్ టవర్లు, కొత్త కరెంటు లైన్లు వస్తాయి. ఈసారి 2026 జనవరి 28 నుంచి 31 వరకు అలాగే వచ్చాయి. అమ్మవార్లు వనప్రవేశం చేశాక బస్సులు వెళ్లిపోతాయి, టవర్ల బండ్లు కూడా వెళ్లిపోతాయి. చెరువు కట్ట మీద సిగ్నల్ వెతుక్కునే పిల్లలు మళ్లీ మామూలే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 'ఇంటి నుంచే పని' అన్న ఆఫర్ చేతికి రాగానే మీరు వేసే మొదటి ప్రశ్న 'ఎక్కడ ఉందాం?' అని. ఊళ్లోనా, హన్మకొండలోనా, హైదరాబాద్‌లోనా, విశాఖలోనా, బెంగళూరులోనా? ఈ ప్రశ్నకు ఇంటర్నెట్‌లో బోలెడు జాబితాలు దొరుకుతాయి. వాటిని నమ్మి పెట్టె సర్దుకోవద్దు. ఎందుకో చెబుతాను.

ఆ ర్యాంకులు మీ కోసం కాదు

'రిమోట్ ఉద్యోగులకు మేటి నగరాలు' అని వచ్చే జాబితాల్లో కొలిచేది కాఫీ షాపులు, వాతావరణం, అద్దె, బీచ్. అవి ఎవరికి పనికొస్తాయి? పదేళ్ల అనుభవం ఉండి, డాలర్లలో జీతం తీసుకుంటూ, పని మీద పట్టు వచ్చిన వాళ్లకు. అమెరికాలో టల్సా అనే నగరంలో 2018 నుంచి ఒక పథకం నడుస్తోంది. బయటి రాష్ట్రాల రిమోట్ ఉద్యోగి వచ్చి ఏడాది అక్కడ ఉంటే పదివేల డాలర్లు ఇస్తారు. ఎస్తోనియా లాంటి దేశాలు 2020 నుంచి ఇలాంటి వాళ్లకు ప్రత్యేక వీసాలే ఇస్తున్నాయి. అనుభవం ఉన్నవాళ్లను నగరాలు పోటీపడి పిలుస్తున్నాయన్నమాట.

మీరు అలాంటి వాళ్లు కావడానికి ఇంకా టైం ఉంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది డిగ్రీ పట్టా, ఒక లాప్‌టాప్, ఆర్నెల్ల ప్రొబేషన్. కాబట్టి మీ లెక్క వేరు. నా అనుభవంతో నాలుగు లెక్కలు చెబుతాను. ఏ ఊరికైనా వేసి చూడండి.

మొదటి లెక్క: చెడ్డరోజు

ఊరిని మంచిరోజున కొలవకండి. మంచిరోజున అన్ని ఊళ్లూ బాగానే ఉంటాయి. ఏడాదిలో వచ్చే చెడ్డరోజున అక్కడ కరెంటు ఎన్ని గంటలు పోతుంది, నెట్ ఎప్పుడు తిరిగి వస్తుంది అన్నది అడగండి.

మా జిల్లా సంగతే చూడండి. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలోనే రికార్డు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వీచిన సుడిగాలికి వేల చెట్లు కూలిపోయాయి. అలాంటి గాలి లైన్ల మీదికి వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మెన్ కూడా చెప్పలేడు. ఆ రోజు మీకు క్లయింట్ కాల్ ఉంటే?

అలాగని నగరాలకు చెడ్డరోజులు లేవనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్, హన్మకొండ కాలనీలు నీళ్లలో ఉన్నాయి. 2024 వేసవిలో బెంగళూరు నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసింది.

మరి తేడా ఏమిటి? నగరంలో మీ గదిలో కరెంటు పోతే రెండు వీధుల అవతల ఫ్రెండ్ గది ఉంటుంది, కిలోమీటరు దూరంలో కోవర్కింగ్ హాలు ఉంటుంది. పల్లెలో పోతే అన్నీ ఒకేసారి పోతాయి. రెండు సిమ్‌లు పెట్టుకున్నా రెండూ ఒకే టవర్ మీద ఉంటే రెండూ ఒకే నిమిషంలో చస్తాయి. అందుకే 'ఇక్కడ నెట్ ఉందా?' అని అడిగి ఊరుకోకండి. 'నెట్ పోతే అరగంటలో నేను ఎక్కడికి పోగలను?' అని అడగండి. ఈ ప్రశ్నకు జవాబు లేని ఊరు మొదటి ఉద్యోగానికి పనికిరాదు. అది ఎంత అందమైన ఊరైనా సరే.

ఇంకో మాట. జాతరలో జరిగేదే హైదరాబాద్ హాస్టళ్లలో రోజూ రాత్రి జరుగుతుంది. 'హైస్పీడ్ వైఫై' అని బోర్డు ఉంటుంది. ఒక్క కనెక్షన్ మీద నలభై మంది క్రికెట్, సినిమాలు చూస్తుంటారు. గీతలు నిండుగా ఉంటాయి, కాల్ మాత్రం తెగిపోతుంటుంది. గది చూడ్డానికి పగలు పదకొండింటికి పోకండి. రాత్రి తొమ్మిదింటికి పోయి, అక్కడే నిలబడి ఎవరికైనా పావుగంట వీడియో కాల్ చేయండి. డౌన్‌లోడ్ వేగం ఒక్కటే చూసి మురిసిపోవద్దు. మీ మాట, మీ స్క్రీన్ అవతలికి చేరేది అప్‌లోడ్ వేగంతో. మొబైల్ డేటాతో నెట్టుకొస్తానంటారా? గంట వీడియో కాల్‌కు సుమారు ఒక జీబీ పోతుంది. రోజుకు రెండు జీబీల ప్యాక్ మధ్యాహ్నానికే అయిపోతుంది.

రెండో లెక్క: పక్క కుర్చీ

నేను తప్పు చేసింది ఇక్కడే. నా మొదటి ఉద్యోగం 2020 లాక్‌డౌన్‌లో వచ్చింది. కొరియర్‌లో లాప్‌టాప్ వచ్చింది. ఆఫీసు చూడకుండానే ఉద్యోగిని అయిపోయాను. ఇంట్లో అమ్మ చేతి తిండి, అద్దె లేదు, జీతం మిగులు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నా.

ఏడాదిన్నర తర్వాత కంపెనీ మారడానికి ఇంటర్వ్యూకు కూర్చున్నాను. నాతో పాటు చేరి, హైదరాబాద్‌లో నలుగురితో కలిసి గది తీసుకున్న దోస్తు కూడా అదే ఇంటర్వ్యూ ఇచ్చాడు. ఇద్దరి అనుభవం కాగితం మీద ఒక్కటే. అడిగిన ప్రశ్నల్లో నాకు తెలియనివి అతనికి తెలిశాయి. ఎలా అంటే, అతని గదిలో ఒక సీనియర్ ఉండేవాడు. రాత్రి అన్నం తింటూ 'ఆ టెస్ట్ ఎందుకు ఫెయిలైందో చూశావా?' అని అడిగేవాడు. నాకు అలా అడిగేవాళ్లు లేరు. నాకు వచ్చిన పని చేశాను, పంపాను. నేను చేసింది తప్పో ఒప్పో చాట్‌లో ఒక బొటనవేలు గుర్తు చెప్పేది. అంతే. చివరి రౌండులో వానకు నెట్ పోయి నా కాల్ రెండుసార్లు తెగింది కూడా. వాళ్లు మళ్లీ పిలవలేదు. చాలారోజులు ఆ వానను తిట్టుకున్నా. నిజానికి ఆ కాల్ తెగకపోయినా నేను నెగ్గేవాణ్ని కాదు.

మొదటి ఉద్యోగంలో జీతం కంటే విలువైనది పక్క కుర్చీలో కూర్చున్న మనిషి. పని ఎలా చేయాలో వీడియోల్లో దొరుకుతుంది. మేనేజర్‌తో 'ఇది ఈ వారంలో కాదు' అని ఎలా చెప్పాలో, మెయిల్‌లో తప్పు ఎలా ఒప్పుకోవాలో, జీతం పెంచమని ఎప్పుడు అడగాలో పక్కన ఉన్నవాణ్ని చూసే నేర్చుకుంటాం.

'మరి తెన్‌కాశి సంగతేంటి? జోహో పల్లెలో నడవడం లేదా?' అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్నే. తమిళనాడులో తెన్‌కాశి దగ్గర మత్తళంపారై అనే పల్లెలో జోహో 2011 నుంచి పని నడిపిస్తోంది. కానీ గమనించండి. వాళ్లు పల్లె పిల్లలను ఎవరింట్లో వాళ్లను కూర్చోబెట్టలేదు. పల్లెకు ఆఫీసును తెచ్చారు. కుర్చీతో పాటు పక్క కుర్చీనీ తెచ్చారు. పల్లెలో ఉద్యోగం వేరు, పల్లెలో ఒంటరి ఉద్యోగం వేరు.

మూడో లెక్క: చేతిలో మిగిలేది

డబ్బు లెక్క తేలిగ్గా తీసిపారేసేది కాదు. అప్పు చేసి చదివించిన ఇళ్లు మనవి. ఒక ఊహాలెక్క వేద్దాం. అంకెలు నావి, మీ అంకెలు మీరు వేసుకోండి.

చేతికి 25 వేలు వస్తుందనుకుందాం. హైదరాబాద్‌లో హాస్టల్, తిండి 8 వేలు, చార్జీలు, ఫోన్, పై ఖర్చులు 6 వేలు పోతే 11 వేలు మిగులుతాయి. హన్మకొండలో పంచుకున్న గది, తిండి, నెట్, పై ఖర్చులు కలిపి 11 వేలైతే 14 వేలు మిగులుతాయి. ఊళ్లో ఇంటికి 5 వేలు ఇచ్చి, నెట్‌కు, ఇన్వర్టర్ వాయిదాకు 3 వేలు పోయినా 17 వేలు మిగులుతాయి. అంటే ఊరికీ హైదరాబాద్‌కూ నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు తేడా.

పెద్ద మొత్తమే. కానీ ఆ దోస్తుకు రెండేళ్ల తర్వాత నాకంటే నెలకు 8 వేలు ఎక్కువ జీతంతో ఉద్యోగం వస్తే? అప్పటికి ఇద్దరి ఖర్చులూ ఒకటే అనుకుంటే, రెండేళ్లలో నేను మిగుల్చుకున్న లక్షా 44 వేలు ఏడాదిన్నరలో సమానమైపోతాయి. ఆ తర్వాత ప్రతి నెలా అతనే ముందుంటాడు. ఇంటి దగ్గర మిగిలేది మొదట్లో కనబడుతుంది. పోయేది తర్వాత కనబడుతుంది. మన ఇళ్లల్లో మొదటిదే చర్చకు వస్తుంది.

ఇంకో గండం కూడా లెక్కలో రాసుకోండి. రిమోట్ అన్న మాట రాసిచ్చిన పట్టా కాదు. 2020 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ నిబంధనలు సడలించాక ఎక్కడి నుంచైనా పని చేయించడం కంపెనీలకు సులువైంది. 2025 కల్లా తమ ఉద్యోగుల్లో పాతిక శాతం మందే ఆఫీసులో ఉంటే చాలని టీసీఎస్ 2020లో చెప్పింది. అదే సంస్థ 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. అమెజాన్ 2025 జనవరి నుంచి అదే దారి పట్టింది. 'వచ్చే సోమవారం నుంచి రండి' అని మెయిల్ వస్తే మీరు ఎన్ని గంటల్లో ఆఫీసులో ఉండగలరు? హన్మకొండ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు. కాజీపేటలో రైలెక్కితే పొద్దున్నే చేరతారు. మేడారం నుంచి ముందు హన్మకొండ చేరడానికే సుమారు వంద కిలోమీటర్లు. ఆఫర్ లెటర్‌లో 'పనిచేసే స్థలం' అన్న వరుసలో ఏం రాశారో సంతకం పెట్టకముందే చదవండి. హెచ్‌ఆర్ ఫోన్‌లో చెప్పిన మాట కాదు, కాగితం మీద ఉన్న మాటే లెక్క.

నాలుగో లెక్క: ఇంట్లో మీ గంటలు

ఈ లెక్క ఏ జాబితాలోనూ ఉండదు. ఇంట్లో కూర్చుంటే మీ పని పనిగా కనబడుతుందా? మా ఇంట్లో 'ఇంట్లనే ఉన్నవ్ గదరా, జర బ్యాంకు దాకా పోయిరా' అనేది అమ్మ. తప్పు అమ్మది కాదు. పని అంటే పొలానికో, బడికో, ఆఫీసుకో పోవడం అని తెలిసిన ఇల్లు అది.

అబ్బాయిలకు ఇది చిరాకు. అమ్మాయిలకు ఇది ఉద్యోగమే పోగొట్టే సంగతి. ఉద్యోగం, వంట, చుట్టాలు, పెళ్లిచూపులు అన్నీ ఒకే ఇంట్లో ఒకే రోజులో పడతాయి. మరోవైపు, హాస్టల్‌కు పంపడానికి ఒప్పుకోని ఇంట్లో రిమోట్ ఉద్యోగమే అమ్మాయికి దొరికిన ఒకే ఒక్క తలుపు కూడా కావచ్చు. అలాంటి చోట 'ముందు హైదరాబాద్ పో' అని నేను తేలిగ్గా చెప్పలేను. ఒకటి మాత్రం చెబుతా. తలుపేసుకోవడానికి ఒక గది, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు ఎవరూ పిలవకూడదన్న ఒప్పందం మొదటి రోజే మాట్లాడుకోండి. రెండో నెలలో మాట్లాడితే గొడవ అవుతుంది.

అమెరికా ప్రాజెక్టయితే గంటలు ఇంకా చూసుకోవాలి. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. పని ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. చిన్న ఇంట్లో అందరూ పడుకున్నాక మీరు ఇంగ్లిషులో గట్టిగా మాట్లాడాలి. రెండు గదుల ఇల్లయితే అది మీ ఒక్కరి షిఫ్టు కాదు, ఇంటిల్లిపాది షిఫ్టు.

అయితే నా మాట ఏంటి?

వీలున్న వాళ్లకు నా సలహా సూటిగా ఇది. మొదటి రెండేళ్లు మీ కంపెనీ మనుషులు, లేదా మీ పని చేసేవాళ్లు ఎక్కువగా ఉన్న నగరంలో ఉండండి. మనలో ఎక్కువమందికి అది హైదరాబాద్. ఆఫీసు విశాఖలో ఉంటే విశాఖ, బెంగళూరులో ఉంటే బెంగళూరు. నగరం పేరు కాదు, పక్క కుర్చీయే ముఖ్యం. ఆ తర్వాత రిమోట్ దొరికితే హన్మకొండ, కరీంనగర్, ఖమ్మం లాంటి నడిమి ఊళ్లకు రండి. నేను ఇప్పుడు హన్మకొండలోనే ఉంటున్నాను. ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ ఉన్న ఊరు. 2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు తెరిచారు. పక్క కుర్చీ మనుషులు ఇక్కడ కొద్దిమందే అయినా ఉన్నారు. ఆదివారం ఊరికి పోయి రావచ్చు. నాన్నకు బాగాలేదని ఫోన్ వస్తే ఆ పూటే ఇంట్లో ఉంటాను.

ఊరు వదలడానికి వీలులేని వాళ్లు నిరాశ పడొద్దు. ఐదు పనులు చేసుకోండి.

ఒకటి, రెండు నెట్‌లు వేర్వేరు దారుల్లో ఉండాలి. ఒకటి కేబుల్, ఒకటి మొబైల్. రెండు, రౌటర్‌కు చిన్న యూపీఎస్ కొనండి. రౌటర్ తినే కరెంటు పది పన్నెండు వాట్లే. పెద్ద ఇన్వర్టర్ కొనలేకపోయినా లాప్‌టాప్ బ్యాటరీ, ఆ యూపీఎస్ కలిసి మీటింగ్ దాటిస్తాయి. మూడు, అవసరానికి పోగలిగే చోటు ముందే మాట్లాడి పెట్టుకోండి. ములుగులో దోస్తు ఇల్లో, మండలంలో తెలిసిన కంప్యూటర్ సెంటరో. నాలుగు, నెలకోసారి సొంత ఖర్చుతోనైనా ఆఫీసుకు పోయి మీ టీమ్‌తో కలిసి అన్నం తినండి. ఐదు, వారానికి ఒక అరగంట మీ పని చూసి తప్పులు చెప్పే సీనియర్‌ను మీరే అడిగి పట్టుకోండి. అడగడానికి మొహమాటపడితే ఏళ్లు పోతాయి, నావి పోయినట్లు.

ఇంకో హెచ్చరిక. ఊళ్లో కూర్చుని పని వెతికే వాళ్ల మీదే 'ఇంటి నుంచే పని' మోసాలు ఎక్కువ గురిపెడతాయి. రిజిస్ట్రేషన్ ఫీజనో, లాప్‌టాప్ డిపాజిట్ అనో ముందు డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి ఆలస్యం చేయొద్దు.

నాలుగు రోజుల నగరం నుంచి ఒక్క గది

చివరిగా ఒక మాట మీకు కాదు, మనల్ని ఏలేవాళ్లకు. కానీ మీరు అడిగితేనే వాళ్లకు వినిపిస్తుంది.

నాలుగు రోజుల కోసం అడవిలో నగరం కట్టగలమని మేడారం ప్రతి జాతరకూ రుజువు చేస్తోంది. రోడ్లు, కరెంటు, టవర్లు, నీళ్లు అన్నీ వస్తాయి. అంటే చేతకాక కాదు. జాతర అయ్యాక అన్నీ ఎత్తుకుపోయే బదులు తాడ్వాయిలో ఒక్క హాలు మిగల్చండి. ఇరవై కుర్చీలు, నిలకడైన కరెంటు, రెండు దారుల నెట్, అమ్మాయిలు రాత్రి పదింటిదాకా ధైర్యంగా కూర్చుని, భద్రంగా ఇంటికి చేరే ఏర్పాటు. పెద్ద ఐటీ టవర్ అక్కర్లేదు. ఇరవైమంది ఒక గదిలో కూర్చుంటే ప్రతి ఒక్కరికీ పక్క కుర్చీలో ఒక మనిషి ఉంటారు. నాకు లేనిది అదే.

వచ్చే జాతర 2028లో. అప్పటికి మీలో కొందరు రెండేళ్ల అనుభవంతో 'ఇక ఎక్కడ ఉందాం?' అని మళ్లీ ఆలోచిస్తుంటారు. ఆ హాలు ఉంటే ఆ జాబితాలో మా ఊరి పేరు కూడా రాసుకోవచ్చు. అప్పటిదాకా ఊరి మీద ప్రేమను, ఊళ్లోని నెట్‌ను విడివిడిగా కొలవండి. గది చూడ్డానికి రాత్రి తొమ్మిదింటికే పోండి.